తెర మీది ఆనవాలు, రంగస్థలం మీది జీవితం: ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలపు ఐరిష్ నటులు

ఐర్లండు నాటకరంగ చరిత్ర తెలుగు పాఠకులకు ప్రధానంగా నాటకకర్తల చరిత్రగానే పరిచయం. యేట్స్, సింజ్, షాన్ ఓకేసీ, శామ్యూల్ బెకెట్ పేర్లు మన సాహిత్య విమర్శలో తరచు వినిపిస్తాయి. వారి మాటలను మొదట నోట పలికిన నటీనటుల పేర్లు దాదాపుగా వినిపించవు. వినిపించినా అవి హాలీవుడ్ చిత్రాల ద్వారా తెలిసిన పేర్లే. ఈ పరిస్థితి ఒక చిక్కు ప్రశ్నకు దారితీసింది. ఆ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల రంగస్థలం మీద ఐరిష్‌వాడంటే ఒక స్థిరపడిన వేషం. తాగుబోతు, వాగుడుకాయ, వింత యాసతో నవ్వించే విదూషకుడు. ఆ వేషాన్ని చెరిపివేయడం యేట్స్, లేడీ గ్రెగరీ, ఎడ్వర్డ్ మార్టిన్ 1897 నుంచి ప్రకటించుకున్న లక్ష్యాలలో ఒకటి. 1904 డిసెంబరు 27న డబ్లిన్‌లో తెరలేచిన ఆబీ థియేటర్ ఆ సంకల్పం నుంచి పుట్టినదే. అయితే నలభై ఏళ్లు తిరిగేసరికి ఆబీలో రాటుదేలిన నటులే హాలీవుడ్‌లో తాగుబోతు పెళ్లిళ్ల పేరయ్యలుగా, చాదస్తపు మతాధికారులుగా, నవ్వించే పనివాళ్లుగా ప్రపంచ ప్రసిద్ధి పొందారు. ఏ బొమ్మను పగలగొట్టడానికి ఆ నాటక సమాజం ఏర్పడిందో ఆ బొమ్మనే దాని నటులు అమ్ముకున్నారన్న నింద అప్పటినుంచీ ఉంది. నింద వేసినవారిలో ఎక్కువమంది ఆ నటులను తెర మీద మాత్రమే చూసినవారు. రంగస్థలం మీద వారు చేసిన పని ఏ రాత్రికారాత్రి ముగిసిపోయింది. చలనచిత్రం మాత్రం నిలిచింది. నిలిచినదాన్ని బట్టి మొత్తం జీవితాన్ని అంచనా కట్టడం ఎంతవరకు న్యాయమన్నదే ఇక్కడి ప్రశ్న.

జీవిక, మారుపేరు

ఆబీ నటనా సంప్రదాయానికి పునాది వేసిన ఫే సోదరులు వృత్తి నటులు కారు. విలియం ఫే విద్యుత్ పనివాడు, ఫ్రాంక్ ఫే ఒక లెక్కల కార్యాలయంలో గుమాస్తా. పగలు ఉద్యోగం, సాయంత్రం అభ్యాసం, రాత్రి ప్రదర్శన. వీరి బృందం 1902లో ప్రదర్శించిన నాటకాలలో జేమ్స్ కజిన్స్ రచనలు కూడా ఉన్నాయి. యేట్స్ వర్గంతో పొసగక, దివ్యజ్ఞాన సమాజం వైపు మొగ్గి 1915లో భారతదేశానికి వచ్చి, మదనపల్లె కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసి, 1919లో రవీంద్రునికి అక్కడ ఆతిథ్యమిచ్చిన కజిన్స్ ఈయనే. 1956లో ఆయన కన్నుమూసినదీ మదనపల్లెలోనే. రాయలసీమ విద్యాచరిత్రలో ఆయనను స్మరించుకునేవారికి ఆబీ పూర్వరంగంలో ఆయనకున్న చోటు అంతగా తెలిసినట్లు లేదు.

ఫే సోదరులు 1908లో ఆబీని విడిచిపెట్టినా, ఉద్యోగం చేసుకుంటూ వేషం కట్టే పద్ధతి మాత్రం కొనసాగింది. 1925లో ఐరిష్ ప్రభుత్వం ఆబీకి ఏటా 850 పౌండ్ల సహాయం మంజూరు చేసింది. ఆంగ్లభాషా ప్రపంచంలో ప్రభుత్వ పోషణ పొందిన మొదటి నాటకశాలగా ఆబీ చరిత్రకెక్కింది. గౌరవం గొప్పదే. ఒక నాటక సమాజమంతటినీ ఆ మొత్తంతో పోషించడం మాత్రం జరిగే పని కాదు.

ఈ నేపథ్యంలో నటుల మారుపేర్లను పరిశీలించాలి. బారీ ఫిట్జ్‌జెరాల్డ్ అసలు పేరు విలియం జోసెఫ్ షీల్డ్స్. 1888లో డబ్లిన్‌లో పుట్టి, సివిల్ సర్వీసులో గుమాస్తాగా చేరారు. నాటకాలాడుతున్న సంగతి పైఅధికారుల కంట పడకుండా పేరు మార్చుకున్నారు. ఎఫ్.జె. మెకార్మిక్ అసలు పేరు పీటర్ జడ్జ్. ఆయనదీ సర్కారు కొలువే, అదే జాగ్రత్తే. మన సినిమా చరిత్రలో పేరు మార్పిడి తరచు ఆకర్షణ కోసం జరిగింది. ఇక్కడ అది దాపరికం కోసం జరిగింది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఆ నటుల మనఃస్థితిని తెలుసుకోవడానికి ముఖ్యమైనది. పేరు ప్రఖ్యాతులను ఆశించి రంగస్థలం ఎక్కినవాడు సొంత పేరును దాచుకోడు.

1924లో ఓకేసీ నాటకం ‘జూనో అండ్ ద పేకాక్’ ఆబీలో ప్రదర్శితమైనప్పుడు కెప్టెన్ బోయిల్‌గా ఫిట్జ్‌జెరాల్డ్, ఆయన వెంట తిరిగే పరాన్నభుక్కు జాక్సర్‌గా మెకార్మిక్, ఇల్లాలు జూనోగా సారా ఆల్‌గుడ్ నటించారు. ఐరిష్ నటనా చరిత్రలో ఈ కూర్పుకు సాటి వచ్చేవి తక్కువ. అప్పటికి ఫిట్జ్‌జెరాల్డ్ ఇంకా గుమాస్తానే. నలభై ఒకటవ ఏట, 1929లో, ఓకేసీ ‘ద సిల్వర్ టాసీ’ లండన్ ప్రదర్శనలో వేషం దొరికిన తరువాతే ఆయన ఉద్యోగానికి స్వస్తి చెప్పారు. ఆ నాటకాన్ని అంతకుముందు సంవత్సరమే ఆబీ తిరస్కరించిందన్నది గమనార్హం. అంటే ఆయనను పూర్తికాలపు నటుణ్ని చేసినది సొంత నాటకశాల కాదన్నమాట.

1916, 1926, 1936

బారీ తమ్ముడు ఆర్థర్ షీల్డ్స్ జీవితం ఈ చర్చకు మరింత కీలకం. 1896లో పుట్టిన ఆర్థర్ చిన్న వయసులోనే ఆబీలో చేరారు. 1916 ఈస్టర్ తిరుగుబాటులో ఆయుధం పట్టి, లొంగుబాటు తరువాత వేల్స్‌లోని ఫ్రాంగోక్ నిర్బంధ శిబిరంలో గడిపారు. ఆబీ నుంచి తిరుగుబాటుకు వెళ్లినవారిలో ఆయన ఒక్కరే కారు. మరొక నటుడు షాన్ కానలీ మొదటిరోజే డబ్లిన్ సిటీ హాలు పైకప్పు మీద తుపాకి గుండుకు బలయ్యారు.

పదేళ్ల తరువాత, 1926 ఫిబ్రవరిలో, అదే తిరుగుబాటును వీరగాథగా కాక మురికివాడల జనం కళ్లతో చూపిన ఓకేసీ నాటకం ‘ద ప్లౌ అండ్ ద స్టార్స్’ ఆబీలో ప్రదర్శించారు. అమరవీరుల కుటుంబాలవారు, వారి అభిమానులు ప్రేక్షకాగారంలో నిరసనకు దిగారు. కొందరు రంగస్థలం మీదికి ఎక్కారు. యేట్స్ వారిని మందలిస్తూ చేసిన ప్రసంగం ప్రసిద్ధం. చరిత్రకారులందరూ అక్కడే ఆగుతారు. నటుల వైపు నుంచి చూస్తే ఆ రాత్రి మరోలా కనిపిస్తుంది. మెకార్మిక్ ముందుకు వచ్చి, నటులను వేరుగా, నాటకాన్ని వేరుగా చూడమని ప్రేక్షకులను అభ్యర్థించారు. అంతకుముందు అభ్యాసాల సమయంలోనే ఆయన, ఆయన భార్య ఐలీన్ క్రో తమ పాత్రల సంభాషణల్లోని కొన్ని మాటలు పలకబోమని నిరాకరించారు. ఆ కారణంగానే ఐలీన్ క్రో పాత్ర మరొకరికి వెళ్లింది. దీన్ని సంకుచితత్వమని తోసిపుచ్చడం తేలిక. కానీ రోజూ చర్చికి వెళ్లే దారిలో, కార్యాలయంలో, ఇరుగుపొరుగుల మధ్య ఆ మాటల భారాన్ని మోయవలసినది యేట్స్ కాదు, ఆ దంపతులు. చిన్న నగరంలో నటులకు ముసుగు ఉండదు.

మరో పదేళ్లకు జాన్ ఫోర్డ్ ఈ నాటకాన్ని హాలీవుడ్‌లో చిత్రంగా తీశారు. 1936లో విడుదలైన ఆ చిత్రం కోసం ఆబీ నుంచి ఫిట్జ్‌జెరాల్డ్, మెకార్మిక్, ఐలీన్ క్రో, డెనిస్ ఓడీ తదితరులు తరలివెళ్లారు. ప్రధాన పాత్రలు అమెరికన్ తారలకే దక్కాయి. నాటకంలో కిటికీ అవతల గొంతుగా వినిపించే తిరుగుబాటు నాయకుడు చిత్రంలో పాడ్రిక్ పియర్స్‌గా ప్రత్యక్షమవుతాడు. ఆ పాత్రను ధరించినది ఆర్థర్ షీల్డ్స్. ఇరవై ఏళ్ల క్రితం ఏ నాయకుని పక్షాన తుపాకి పట్టారో ఆ నాయకుని వేషాన్ని కాలిఫోర్నియాలో కట్టారు. చిత్రంగా అది ఓకేసీ నాటకానికి న్యాయం చేయలేదు, నాటకంలోని వ్యంగ్యం తెర మీద దేశభక్తిగా చదునైపోయింది. అయినా పియర్స్ కనిపించే ఆ కొద్దిసేపటిని మాత్రం నటన అని ఒక్క మాటలో తేల్చలేము. ఏ విమర్శ పదజాలంతో దాన్ని వర్ణించాలో నాకింకా స్పష్టం కాలేదు.

హాలీవుడ్ ఐరిష్‌వాడు

1930ల చివరికి షీల్డ్స్ సోదరులు, సారా ఆల్‌గుడ్ అమెరికాలో స్థిరపడ్డారు. ఆర్థర్ వలసకు ఊపిరితిత్తుల అనారోగ్యం కూడా ఒక కారణం. 1941లో ఫోర్డ్ తీసిన ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’ వేల్స్ బొగ్గుగని కుటుంబ కథ. అందులో తల్లి పాత్రకు సారా ఆల్‌గుడ్ ఉత్తమ సహాయనటి ఆస్కార్ ప్రతిపాదన పొందారు. షీల్డ్స్ సోదరులిద్దరూ అందులో ఉన్నారు. పద్నాలుగేళ్లకే ఆబీలో అడుగుపెట్టిన మౌరీన్ ఓహారా కూతురు పాత్ర ధరించారు. అంటే హాలీవుడ్ దృష్టిలో ఐరిష్ యాస, వేల్స్ యాస ఒకటే. వేల్స్‌లో ఖైదీగా ఉండివచ్చిన ఆర్థర్‌కు ఈ సంగతి ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవలసిందే.

మతం విషయంలోనూ ఇదే తీరు. షీల్డ్స్ సోదరులు ప్రొటెస్టెంట్లు. ‘గోయింగ్ మై వే’లో కాథలిక్ వృద్ధ ఫాదరుగా నటించి 1944 సంవత్సరపు ఉత్తమ సహాయనటుడి ఆస్కార్ గెలుచుకున్నది బారీ. అదే పాత్రకు ఆయన పేరు ఉత్తమ నటుడి విభాగంలోనూ ప్రతిపాదితమైంది. అలాంటిది మళ్లీ జరగకుండా అకాడమీ నియమాలు మార్చింది. (యుద్ధకాలం కనుక ఆ ప్రతిమను లోహంతో కాక ప్లాస్టరుతో చేసి ఇచ్చారు. ఇంట్లో గోల్ఫ్ సాధన చేస్తూ బారీ దాని తల ఎగరగొట్టారు.)

తెరపై ఫిట్జ్‌జెరాల్డ్ చేసిన వేషాలలో పునరుక్తి ఉందన్నది కాదనలేని నిజం. గొణుగుడు, వంకర టోపీ, సీసా వైపు దొంగచూపు చిత్రం తరువాత చిత్రంలో కనిపిస్తాయి. కానీ ఆ సామగ్రి ఎక్కడిది? కెప్టెన్ బోయిల్ పాత్రది. నాటకంలో ఆ బద్ధకపు డాంబికానికి ఎదురుగా జూనో దుఃఖం ఉంది, కొడుకు చావు ఉంది, కూలిపోయే ఇల్లు ఉంది. ప్రేక్షకుల నవ్వు చివరి అంకంలో గొంతులో అడ్డుపడేటట్లు నాటకకర్త దాన్ని అమర్చారు. చిత్రాలు నవ్వును తీసుకొని దాని ఎదుటి బరువును వదిలేశాయి. నటుడు మారలేదు, అతని చుట్టూ ఉన్న నాటకం మాయమైంది. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగు నాటకరంగ పరిశోధకులకు ఇలాంటి సాక్ష్యాధార సమస్య కొత్త కాదు. వృత్తిరీత్యా న్యాయవాది, ఇంగ్లండు పర్యటనలో డబ్లిన్‌వాసి బెర్నార్డ్ షాను కలిసిన బళ్లారి రాఘవ నటనను ఈనాటివారు అంచనా వేయాలంటే ‘రైతుబిడ్డ’ వంటి కొద్ది చిత్రాలు, సమకాలికుల జ్ఞాపకాలు తప్ప ఆధారం లేదు. ఆ చిత్రాలే రాఘవ అని ఎవరమూ అనము.

‘ఆడ్ మ్యాన్ అవుట్’: ఒక దృశ్యం

తెరను పూర్తిగా తోసిపుచ్చడమూ సరికాదు. సరిగ్గా చదివితే అదే రంగస్థల చరిత్రకు సాక్ష్యమవుతుంది. ఇందుకు కరోల్ రీడ్ దర్శకత్వంలో 1947లో విడుదలైన ‘ఆడ్ మ్యాన్ అవుట్’ ఉత్తమోదాహరణ. ఉత్తర ఐర్లండు నగరంలో గాయపడి పారిపోతున్న రహస్య సంస్థ నాయకుని కథ ఇది. నాయక పాత్రధారి ఆంగ్లేయుడైన జేమ్స్ మేసన్. ఆయన చుట్టూ ఉన్నవారు మాత్రం ఎక్కువగా డబ్లిన్, బెల్‌ఫాస్ట్ రంగస్థలాల నుంచి వచ్చినవారు: సిరిల్ క్యూసాక్, డెనిస్ ఓడీ, మౌరీన్ డిలేనీ, జోసెఫ్ టొమెల్టీ, మెకార్మిక్.

మెకార్మిక్ పాత్ర పేరు షెల్. పక్షులు పెంచుకుంటూ, దొరికినదాన్ని అమ్ముకుంటూ బతికే నిరుపేద. గాయపడిన నాయకుని ఆచూకీ అతనికి తెలుస్తుంది. దానికి ధర కట్టించుకుందామని ఫాదర్ టామ్ దగ్గరికి వస్తాడు. విషయం నేరుగా చెప్పడు. గాయపడిన పక్షి ఒకటి దొరికిందన్నట్లు డొంకతిరుగుడుగా బేరం మొదలుపెడతాడు. భయం, ఆశ, కాస్త సిగ్గు ఒకదాని వెంట ఒకటి ఆ ముఖంలో మెరుస్తాయి. వంగిన నడుము, పక్కకు జారే చూపు, ఎదుటివాడి మాట పూర్తికాకముందే తలూపే అలవాటు చూస్తుంటే ఓకేసీ సృష్టించిన జాక్సర్ గుర్తుకు రాక మానడు. కానీ ఇక్కడ ఆ సామగ్రి చుట్టూ బరువైన కథ ఉంది. అందుచేత నవ్వు తేలిపోలేదు. ఫిట్జ్‌జెరాల్డ్‌కు హాలీవుడ్‌లో దక్కని అవకాశం మెకార్మిక్‌కు ఈ చిత్రంలో దక్కిందని చెప్పాలి.

ఆ గదిలో ఎదుట కూర్చున్న ఫాదర్ టామ్ పాత్రధారి విలియం ఫే. 1902లో గుమాస్తాలను, పనివాళ్లను పోగుచేసి అభ్యాసాలు చేయించిన ఆ విద్యుత్ పనివాడే. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. 1908లో ఆబీని వదిలి వెళ్లిపోయిన స్థాపకుడు, 1918లో అక్కడ చేరి చివరిదాకా ఉండిపోయిన నటుడు, ఇద్దరూ ఒక ఆంగ్లేయ దర్శకుని చిత్రంలో ముఖాముఖి కూర్చున్నారు. ఫే మాట్లాడేది తక్కువ, కదిలేది ఇంకా తక్కువ. మాట్లాడుతున్న నటుని మీదే చూపు నిలవాలి, తక్కినవారు అనవసరంగా కదలరాదు అన్నది తొలినాటి ఆబీ క్రమశిక్షణ. దాన్ని గురించి పుస్తకాలలో ఎంత చదివినా ఈ దృశ్యం చూపినంతగా తెలియదు. చిత్రం విడుదలైన కొద్ది నెలలకే, 1947 ఏప్రిల్‌లో, మెకార్మిక్ మరణించారు. అక్టోబరులో ఫే మరణించారు. ఆబీలో వందలాది వేషాలు కట్టిన మెకార్మిక్‌ను డబ్లిన్ బయటి ప్రపంచం షెల్ ద్వారా మాత్రమే ఎరుగును.

కాలిన ఇల్లు, అద్దె ఇల్లు

అదే ఏడాది నవంబరులో ఆబీలో ‘ద ప్లౌ అండ్ ద స్టార్స్’ ప్రదర్శన మధ్యలో కవి వాలెంటిన్ ఐరిమాంగర్ ప్రేక్షకాగారంలో లేచి నిలబడి, నిర్వాహకుల విధానాలను బహిరంగంగా ఖండించి, సహచరునితో కలిసి బయటికి నడిచారు. ఆయన గురి ఎర్నెస్ట్ బ్లైద్. ఆర్థికమంత్రిగా 1925లో ఆబీకి సహాయం ఇప్పించినదీ, 1941 నుంచి దాని నిర్వాహక సంచాలకుడైనదీ ఈయనే. కొత్తగా చేరే నటులకు ఐరిష్ భాష వచ్చి ఉండాలన్నది బ్లైద్ పట్టుదల. భాషాభిమానిగా ఆయన చిత్తశుద్ధిని శంకించలేము. కానీ నటన కంటె భాషా పరిజ్ఞానం ముందు అర్హత అయినప్పుడు ఏమవుతుందో ఆ దశకంలో ఆబీ చూసింది. 1932 నుంచి అక్కడ ఉన్న సిరిల్ క్యూసాక్ 1945లో బయటికి వచ్చి సొంత సమాజం నడుపుకున్నారు.

1951 వేసవిలో ఫోర్డ్ ‘ద క్వయట్ మ్యాన్’ చిత్రీకరణకు మేయో జిల్లాలోని కాంగ్ గ్రామానికి వచ్చారు. షీల్డ్స్ సోదరులు, మౌరీన్ ఓహారా అమెరికా నుంచి, ఐలీన్ క్రో, జాక్ మెక్‌గవరన్ తదితరులు డబ్లిన్ నుంచి అక్కడ కలిశారు. తెరపై ఐర్లండు అంత పచ్చగా, అంత నిశ్చింతగా మరెన్నడూ కనిపించలేదు. అదే వేసవి, జులై 18 తెల్లవారుజామున, ఆబీ థియేటర్ అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నది. ముందు రాత్రి ఆడిన నాటకం ‘ద ప్లౌ అండ్ ద స్టార్స్’, నగరం తగలబడుతుండగా ముగిసే నాటకం. సమాజం క్వీన్స్ థియేటరును అద్దెకు తీసుకొని అక్కడికి మారింది. తాత్కాలికమనుకున్న ఏర్పాటు కచ్చితంగా పదిహేనేళ్లు సాగింది. కొత్త భవనం తలుపులు 1966 జులై 18న తెరుచుకున్నాయి.

క్వీన్స్ థియేటర్ ఏమిటంటే, ఒకప్పుడు బూసికో తరహా అతినాటకీయ ప్రదర్శనలకు నిలయం. ఆబీ ఏ ఐరిష్ విదూషకుణ్ని చెరిపేయాలనుకుందో అతని పుట్టిల్లు. అది పాత ఆబీకంటె పెద్దది కనుక దాన్ని నింపడానికి ఒకే నాటకం వారాల తరబడి ఆడవలసి వచ్చింది, జనానికి అలవాటైన హాస్యం ఎక్కువ కావలసి వచ్చింది. హాలీవుడ్‌కు వెళ్లినవారిని నిందించేటప్పుడు డబ్లిన్‌లోనే ఉండిపోయినవారు ఆ సంవత్సరాలలో ఏ వేషాలు కట్టారో కూడా చూడాలి.

భాష దారి

భాష విషయంలో బ్లైద్ బలవంతానికి భిన్నమైన మార్గం ఒకటి గాల్వేలో ఉండేది. అక్కడి ఐరిష్ భాషా నాటకశాల తైవ్‌యార్క్ 1928లో మిహాల్ మాక్ లియమోర్ నాటకంతో ప్రారంభమైంది. అదే ఏడాది ఆయన హిల్టన్ ఎడ్వర్డ్స్‌తో కలిసి డబ్లిన్‌లో గేట్ థియేటర్ స్థాపించారు. పదహారేళ్ల ఆర్సన్ వెల్స్‌కు 1931లో వేషమిచ్చినది గేట్. రెండు దశాబ్దాల తరువాత అదే వెల్స్ తన ‘ఒథెల్లో’ చిత్రంలో మాక్ లియమోర్‌ను ఇయాగోగా నిలబెట్టారు. తాను కార్క్ నగరంలో పుట్టినట్లు జీవితమంతా చెప్పుకున్న ఈ ఐరిష్ భాషా రచయిత నిజానికి లండన్‌లో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ విల్మోర్ అన్న సంగతి 1978లో ఆయన మరణించిన తరువాత గాని లోకానికి రూఢిగా తెలియలేదు. పీటర్ జడ్జ్ ఉద్యోగం కోసం పేరు దాచితే, విల్మోర్ ఒక జాతినే తనదిగా ఎంచుకొని దాని భాష నేర్చుకొని అందులో రాశారు. దీన్ని మోసమనడానికి నాకు మనసొప్పదు.

తైవ్‌యార్క్ నుంచి వచ్చిన షివాన్ మెకెన్నాకు ఐరిష్ ఇంటి భాష. షా రాసిన ‘సెయింట్ జోన్’ను ఆమె స్వయంగా ఐరిష్‌లోకి అనువదించి 1950లో గాల్వేలో ప్రధాన పాత్ర ధరించారు. అదే పాత్రను 1954లో లండన్‌లో, 1956లో న్యూయార్క్‌లో ఆంగ్లంలో పోషించి అగ్రశ్రేణి నటిగా గుర్తింపు పొందారు. ఆంగ్లంలో రాసిన నాటకాన్ని ముందు తన భాషలో పలికి, ఆ తరువాత మూలభాషకు తిరిగి వచ్చిన నటి మరొకరు అరుదు. పల్లెపిల్ల జోన్ దొరల భాషలో మాట్లాడకపోవడమన్నది ఆమె చేతిలో కేవలం యాసగా మిగలలేదు. తెరపై ఆమె చేసినవి ‘డాక్టర్ జివాగో’ వంటి చిత్రాలలో చిన్న పాత్రలు. వాటిని మాత్రమే చూసినవారికి ఆమె ఖ్యాతి అర్థం కాదు.

గొంతు

ఆనవాళ్లు తెరకే పరిమితం కావు. ఆర్మా పట్టణంలో పుట్టిన పాట్రిక్ మగీ గొంతును బెకెట్ బీబీసీ రేడియోలో విని, ఆ గొంతు కోసమే ‘క్రాప్స్ లాస్ట్ టేప్’ రాశారు. 1958లో లండన్ రాయల్ కోర్టులో మగీయే దాన్ని తొలిసారి ప్రదర్శించారు. తన పాత గొంతును టేపులో వినే ముసలివాని నాటకమది. నాటకకర్త మాటను నటుడు పలకడం అన్న క్రమం ఇక్కడ తలకిందులైంది. జాక్ మెక్‌గవరన్‌కూ బెకెట్‌తో అలాంటి అనుబంధమే ఉండేది. ‘ద క్వయట్ మ్యాన్’లో వెకిలి అనుచరునిగా కనిపించిన ఆ సన్నని మనిషి కోసం బెకెట్ 1966లో బీబీసీలో ప్రసారమైన ‘ఏ జో’ రాశారు. ఆ నాటకంలో అతని పాత్ర ఒక్క మాట కూడా మాట్లాడదు. కెమెరా ముఖానికి దగ్గరవుతూ ఉంటే, ఒక స్త్రీ గొంతు మాత్రం వినిపిస్తుంది. అదే సంవత్సరం క్లాడా సంస్థ ఆయన చదివిన బెకెట్ రచనలను గ్రామఫోన్ రికార్డుగా విడుదల చేసింది. ఒకే నటుడు మూడు చోట్ల మిగిలాడు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆయన శక్తి తెలియదు.

1973 జనవరి చివర మెక్‌గవరన్ న్యూయార్క్‌లో హఠాత్తుగా మరణించారు. ఆ రోజులలో ఆయన లింకన్ సెంటరులో ‘ద ప్లౌ అండ్ ద స్టార్స్’ నాటకంలో ఫ్లూథర్ గుడ్ పాత్ర వేస్తున్నారు. 1926లో, ఆ గొడవ జరిగిన రాత్రులలో, గుమాస్తా విలియం షీల్డ్స్ బారీ ఫిట్జ్‌జెరాల్డ్ పేరుతో కట్టిన వేషం అది. న్యూయార్క్ ప్రదర్శన ఆనవాలుగా పత్రికా సమీక్షలు, కొన్ని ఛాయాచిత్రాలు మిగిలాయి. ఏడాది చివర విడుదలైన ‘ది ఎగ్జార్సిస్ట్’ చిత్రంలో తాగిన దర్శకుని పాత్రలో ఆయన కొద్ది నిమిషాలు కనిపిస్తారు.